దీవి పెరిగిందా, తరిగిందా: ఉపగ్రహ చిత్రం చెప్పేదెంత?

రెండు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఎడమ పక్కన 1990 అని, కుడి పక్కన 2020 అని రాసి, ఓ దీవి సగమైపోయినట్టు చూపించే పోస్టులు సోషల్ మీడియాలో తరచూ తిరుగుతుంటాయి. కింద కామెంట్లలో కొందరు "అయిపోయింది, అంతా మునిగిపోతోంది" అంటారు. ఇంకొందరు పెరిగిన దీవి బొమ్మ ఒకటి వెతికి తెచ్చి "ఇదంతా బూటకం" అంటారు. రెండు వర్గాలూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ చిత్రాలు ఏ నెలలో, ఏ గంటకి, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తీసినవా, పాటు మీద ఉన్నప్పుడు తీసినవా? ఇది తెలియకుండా ఆ బొమ్మల జతని చూసి తేల్చగలిగేది దాదాపు ఏమీ లేదు.

మాల్దీవుల సంగతే తీసుకుందాం. సుమారు 1,200 పగడపు దీవులు, అవన్నీ కలిపి 26 వలయాలు (వీటినే అటోల్స్ అంటారు), నేలలో దాదాపు 80 శాతం సముద్ర మట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు. ఈ దీవుల్లో రాయి అంటూ పెద్దగా లేదు, పగడపు దిబ్బ మీద అలలు పోగేసిన ఇసుకా, పగడపు ముక్కలే. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి పడమర నుంచి వీస్తుంది, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం నుంచి వీస్తుంది. గాలి మారగానే అలల దిశ మారుతుంది, అలలతో పాటు ఇసుక దీవి చుట్టూ నడుస్తుంది. పడమటి గాలి కాలంలో తూర్పు ఒడ్డుకి చేరిన ఇసుక, ఈశాన్య గాలి మొదలయ్యాక మళ్ళీ వెనక్కి బయల్దేరుతుంది. పాల్ కెంచ్, రాబ్ బ్రాండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణ మాలోస్మడులు అటోల్‌లో 13 దీవుల తీరాన్ని రెండు కాలాల్లోనూ కొలిచి 2006లో ప్రచురించారు. ఒకే ఏడాదిలో, రెండు కాలాల మధ్య, కొన్ని చోట్ల ఒడ్డు 50 మీటర్లకి పైగా అటూ ఇటూ జరిగింది. దీవి మొత్తం విస్తీర్ణం పెద్దగా మారదు, ఇసుక ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వెళ్తుంది, అంతే. ఇప్పుడు ఆలోచించండి: 1990 ఫిబ్రవరి బొమ్మా, 2020 ఆగస్టు బొమ్మా పక్కపక్కన పెట్టి, పడమటి ఒడ్డు మాత్రమే కనిపించేలా కత్తిరిస్తే ఎంత భయంకరమైన వార్త తయారవుతుందో. 2020లోనే ఫిబ్రవరి, ఆగస్టు బొమ్మలు రెండూ పెట్టినా దాదాపు అదే తేడా కనిపిస్తుంది, కాకపోతే అది ఎవరూ షేర్ చెయ్యరు.

కాబట్టి దీవుల తీరాన్ని వెంటాడే వాళ్ళ మొదటి తలనొప్పి "తీరం" అంటే ఏ గీత అన్నదే. నీరు, ఇసుక కలిసే గీత ఒకటి. అది గంట గంటకీ మారుతుంది. చెట్లూ పొదలూ మొదలయ్యే గీత ఇంకొకటి. అది నెమ్మదిగా మారుతుంది, ఎందుకంటే ఇసుక ఓ చోట కొన్నేళ్ళు నిలకడగా ఉంటే తప్ప అక్కడ మొక్క నిలవదు, కోత మొదలైతే తప్ప చెట్టు కూలదు. పసిఫిక్ అటోల్స్ మీద దశాబ్దాల మార్పు కొలిచిన చాలా అధ్యయనాలు ఈ పచ్చదనం అంచునే తీసుకున్నాయి. దీర్ఘకాలపు మాట చెప్పాలంటే అదే నమ్మదగ్గ గీత. కానీ దాంట్లోనూ చిక్కుంది: కొబ్బరి తోట వేస్తే అంచు ముందుకొస్తుంది, రిసార్టు కోసం పొదలు కొట్టేస్తే వెనక్కి పోతుంది, రెండు సందర్భాల్లోనూ సముద్రం ఏమీ చెయ్యలేదు. ఒక బొమ్మలో నీటి గీత, ఇంకో బొమ్మలో చెట్ల గీత తీసుకుని లెక్క వేస్తే మాత్రం ఇక ఆ లెక్క గురించి మాట్లాడుకోవడమే దండగ. మిఠాయిలు తిన్న పండగ రాత్రి ఓసారి, ఉపవాసం ఉన్న తెల్లవారి ఓసారి తూకం చూసుకుని "రెండు కిలోలు తగ్గాను" అన్నట్టే ఉంటుంది.

నీటి గీతే కావాలనుకుంటే ఆటుపోట్లని లెక్కలోంచి తీసెయ్యాలి. లెక్క పెద్ద కష్టమేమీ కాదు. సముద్రం ఒక మీటరు పైకి లేచిందనుకోండి. ఒడ్డు వాలు పది మీటర్లకి ఒక మీటరు ఉంటే నీటి గీత పది మీటర్లు లోపలికి వస్తుంది. అదే వంద మీటర్లకి ఒక మీటరు వాలు ఉన్న బురద నేల అయితే గీత వంద మీటర్లు జరుగుతుంది! సుందర్‌బన్స్ లాంటి చోట ఆటుపోట్ల తేడా నాలుగైదు మీటర్లు దాకా ఉంటుంది, నేల చూస్తే చాపలా చదును. అక్కడ ఉదయం దీవి, సాయంత్రం దీవి రెండు వేర్వేరు దీవుల్లా కనిపిస్తాయి. అందుకే పని తెలిసిన వాళ్ళు ప్రతి చిత్రానికీ ఆ నిమిషంలో సముద్ర మట్టం ఎంతో ఆటుపోట్ల నమూనా నుంచి తీసుకుని, ఒడ్డు వాలుతో భాగించి, ప్రతి గీతనీ ఒకే మట్టానికి జరుపుతారు. ఒడ్డు వాలు తెలియాలి కదా అంటారా? నిజమే, అక్కడే చాలామంది ఊహ మీద ఓ అంకె వేసేసి ముందుకి వెళ్ళిపోతుంటారు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది, అది అంతగా చర్చకి రాదు. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఏ ఊరి మీదుగా వెళ్ళినా అక్కడి సూర్యుడి లెక్క ప్రకారం ఉదయం పది గంటల ప్రాంతంలోనే వెళ్తాయి, యూరప్ వాళ్ళ సెంటినెల్-2 పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. వెలుతురు ఎప్పుడూ ఒకేలా ఉండాలని అలా కక్ష్య అమర్చారు. మంచి ఆలోచనే. కానీ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వచ్చే పెద్ద పోటు ఒక్కో రేవులో ఇంచుమించు ఒకే గంటకి వస్తుంది, పల్లెకారులకి ఇది బాగా తెలిసిన విషయం. అంటే ఓ చోట పెద్ద పాటు ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికి వస్తుంటే, ఉదయం పదింటికి వెళ్ళే ఉపగ్రహం ముప్ఫై ఏళ్ళు తిరిగినా ఆ పాటుని ఒక్కసారి కూడా చూడదు. వందల చిత్రాల సగటు తీశాం కాబట్టి ఆటుపోట్ల ప్రభావం రద్దయిపోయిందని అనుకుంటాం, అన్ని చోట్లా అలా రద్దవదు. ఎన్ని చిత్రాలున్నా అవన్నీ ఒకే పక్కకి ఒరిగి ఉండొచ్చు.

ఇక పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క సంగతి. 1972లో ఎగిరిన మొదటి ల్యాండ్‌శాట్‌లో ఒక చుక్క సుమారు 80 మీటర్ల నేలని చూపించేది. 1982లో వచ్చిన ల్యాండ్‌శాట్ 4 నుంచి అది 30 మీటర్లయింది. 2015లో మొదలైన సెంటినెల్-2లో 10 మీటర్లు, పైగా రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి అదే చోటుకి తిరిగొస్తాయి. 2008లో అమెరికా ల్యాండ్‌శాట్ భాండాగారాన్ని ఉచితం చెయ్యడం ఈ రంగంలో అసలైన మలుపు అనొచ్చు. అంతకు ముందు ఒక్కో చిత్రానికీ డబ్బు కట్టాలి కాబట్టి రెండో మూడో కొనుక్కుని వాటితోనే సరిపెట్టుకునేవారు. ఇప్పుడు ఓ దీవికి వందల చిత్రాలు దొరుకుతున్నాయి, మబ్బులున్నవి తీసేసినా. మధ్యలో ఓ చిన్న విషాదం కూడా ఉంది: 2003 మే నెలలో ల్యాండ్‌శాట్ 7లో ఒక అద్దం యంత్రాంగం చెడిపోయి, అప్పటి నుంచి దాని ప్రతి చిత్రంలోనూ నల్లటి చారలు, దాదాపు అయిదో వంతు సమాచారం గల్లంతు. చిన్న దీవి సరిగ్గా ఆ చారలో పడితే ఇక అంతే.

30 మీటర్ల చుక్కతో పది మీటర్ల మార్పు ఎలా పట్టుకుంటారన్నది సహజమైన అనుమానం. సగం ఇసుక, సగం నీరు ఉన్న చుక్క పూర్తి తెలుపూ కాదు, పూర్తి నలుపూ కాదు, మధ్యస్థంగా ఉంటుంది. ఆ మధ్యస్థపు విలువని బట్టి గీత చుక్క లోపల ఎక్కడ వెళ్తుందో అంచనా వెయ్యొచ్చు. దీనికి పరారుణ కాంతి సాయం చేస్తుంది. నీరు ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది, ఇసుక మెరుస్తుంది. ఆకుపచ్చ కాంతినీ, సమీప పరారుణ కాంతినీ పోల్చి నీటిని వేరు చేసే సూచికని మెక్‌ఫీటర్స్ అనే శాస్త్రవేత్త 1996లో ప్రతిపాదించారు. కట్టడాలున్న నేల నీటిలా కనిపించి దాన్ని తికమక పెడుతుందని తర్వాత ఇంకా పొడవైన పరారుణ తరంగాలు వాడే రకాలు వచ్చాయి. 2019లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం నుంచి కిలియన్ వోస్, ఆయన బృందం కోస్ట్‌శాట్ అనే ఉచిత పనిముట్టు విడుదల చేశారు. గూగుల్ ఎర్త్ ఇంజిన్ నుంచి చిత్రాలు తెచ్చుకుని, నీటి గీత గీసి, ఆటుపోట్లకి సరిచేసి ఇస్తుంది. మామూలు ఇసుక తీరాల్లో దాని పొరపాటు సుమారు పది మీటర్లు. గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే.

ఎందుకంటే దీవి చిన్నదైన కొద్దీ ఈ పొరపాటు రాక్షసంగా పెరుగుతుంది. 200 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి దీవి తీసుకోండి. విస్తీర్ణం దాదాపు 31,400 చదరపు మీటర్లు, చుట్టుకొలత 628 మీటర్లు. గీత చుట్టూతా అయిదు మీటర్లు లోపలికి పడితే దాదాపు 3,100 చదరపు మీటర్లు మాయం, అంటే పది శాతం. కిలోమీటరు వ్యాసం ఉన్న దీవికి అదే అయిదు మీటర్ల పొరపాటు రెండు శాతమే. కాబట్టి "ఈ చిన్న దీవి పదేళ్ళలో 8 శాతం తగ్గింది" అన్న వార్తా, "ఈ పెద్ద దీవి 8 శాతం తగ్గింది" అన్న వార్తా ఒకే బరువున్నవి కావు. మొదటిది గీతలోని వణుకే కావచ్చు, రెండో దాన్ని మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి.

బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం ఇంకో రకం మోసం. పాత వైమానిక ఛాయాచిత్రాలని, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం నాటి వాటిని, నేటి ఉపగ్రహ చిత్రంతో కలపాలంటే రెండింట్లోనూ కదలని గుర్తులు కావాలి: చర్చి మూల, రన్‌వే అంచు, గట్టిపడిన ఒడ్డు రాయి. జనం లేని దీవిలో అవేం దొరుకుతాయి? కలపడంలో బొమ్మ పది మీటర్లు పక్కకి జరిగితే దీవికి ఒక పక్క కోత, ఎదురు పక్క సరిగ్గా అంతే మేట కనిపిస్తుంది. విస్తీర్ణం మారదు. ఇబ్బంది ఏంటంటే, అటోల్ దీవులు నిజంగానే ఇలా జరుగుతుంటాయి కూడా, సముద్రం వైపు కోత పడి మడుగు వైపు మేట వేస్తూ. అసలు కదలికా, కొలతలో దొర్లిన తప్పా అన్నది తేల్చడానికి పగడపు దిబ్బ అంచు చూడాలి. దిబ్బ అంచు దశాబ్దాల్లో కదలదు. బొమ్మల్లో అది కూడా జరిగినట్టు కనిపిస్తే తప్పు మనదే, అది అక్కడే ఉండి దీవి మాత్రమే జరిగితే మార్పు నిజం.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికి వద్దాం. 2010లో ఆర్థర్ వెబ్, పాల్ కెంచ్ మధ్య పసిఫిక్‌లో 27 అటోల్ దీవుల్ని, 19 నుంచి 61 ఏళ్ళ వ్యవధిలో తీసిన చిత్రాలతో పోల్చారు. 43 శాతం నిలకడగా ఉన్నాయి, 43 శాతం పెరిగాయి, 14 శాతం మాత్రమే తగ్గాయి. 2018లో కెంచ్ బృందం తువాలు దేశంలోని 101 దీవుల్ని 1971 నుంచి 2014 దాకా కొలిచింది. ఆ నాలుగు దశాబ్దాల్లో అక్కడ సముద్రం ప్రపంచ సగటుకి రెట్టింపు వేగంతో పెరిగింది, అయినా మొత్తం నేల 73.5 హెక్టార్లు, అంటే 2.9 శాతం పెరిగింది. దీవుల్లో 74 శాతం పెద్దవయ్యాయి. 2019లో విర్జినీ దువా పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లోని 30 అటోల్స్‌లో 709 దీవుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే 88.6 శాతం నిలకడగా ఉన్నవో, పెరిగినవో అని తేలింది. పది హెక్టార్లకి మించిన దీవి ఒక్కటి కూడా తగ్గలేదు.

వాతావరణ మార్పు అబద్ధం అనేవాళ్ళకి ఇది పండగ. వాళ్ళు ఆ అధ్యయనాల్ని చదవలేదని మాత్రం తెలిసిపోతూ ఉంటుంది. ఆ పరిశోధకులెవరూ సముద్రం పెరగడం లేదని అనలేదు, పెరుగుతున్నా దీవులు చచ్చు రాళ్ళలా పడి ఉండవని మాత్రమే అన్నారు. అలలు దిబ్బ మీద నుంచి ఇసుకా ముక్కలూ తెచ్చి పోస్తున్నంత కాలం దీవి తన ఆకారం మార్చుకుంటూ నిలబడగలదు. ఆ ఇసుక ఎక్కడి నుంచి వస్తుందో వింటే కాస్త నవ్వొస్తుంది: మాల్దీవుల్లోని వక్కారు అనే దీవి దగ్గర 2015లో లెక్క వేస్తే, కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా చిలకచేపలు పగడాన్ని కొరికి, నమిలి, విసర్జించినదే. అంటే హనీమూన్ ఫోటోల్లో మెరిసే ఆ తెల్లటి ఇసుక చాలావరకు చేపల పెంట. దిబ్బ బతికి ఉంటేనే చేపలు, చేపలుంటేనే ఇసుక. 1998లో, మళ్ళీ 2016లో వేడికి మాల్దీవుల పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చాయి. గత నలభై ఏళ్ళ చిత్రాల్లో కనిపించే పెరుగుదల, ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్న దిబ్బ పెట్టిన పెట్టుబడి. రేపటికి దాన్నే పొడిగించి గీత గీయడం కుదరదు.

మొదలుపెట్టిన ఏడాది కూడా కథని మార్చేస్తుంది. తువాలు లెక్క 1971తో మొదలవుతుంది. 1972 అక్టోబరులో బెబె తుఫాను తువాలులోని ఫునాఫుటి అటోల్‌ని కొట్టి, ఆగ్నేయ అంచున దాదాపు 19 కిలోమీటర్ల పొడవున, మనిషి ఎత్తుకి మించిన పగడపు ముక్కల కట్టని ఒక్క రాత్రిలో పోసిపెట్టింది. తర్వాతి ఏళ్ళలో అలలు ఆ కట్టని కొద్దికొద్దిగా దీవుల వైపు నెట్టాయి. ఊళ్ళని ధ్వంసం చేసిన ఆ తుఫానే దీవులకి మేత కూడా వేసిందన్నమాట. మొదటి చిత్రం తుఫానుకి ముందుదా, తర్వాతదా అన్న దాన్ని బట్టి ఫునాఫుటి పెరుగుదల వేరేగా కనిపిస్తుంది. రెండే రెండు తేదీలతో వేగం లెక్కగట్టే పద్ధతిలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, మధ్యలో ఎన్ని చిత్రాలుంటే అంత మంచిది. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ తీర విశ్లేషణ సాఫ్ట్‌వేర్ డీశాస్‌లో రెండు రకాలూ ఉన్నాయి, మొదటి-చివరి గీతల తేడాని ఏళ్ళతో భాగించడం, అన్ని గీతల గుండా సరళరేఖ కూర్చోబెట్టడం. మన దగ్గర వచ్చే పరిశోధన పత్రాల్లో రెండూ పక్కపక్కన పట్టికలో కనిపిస్తాయి, తేడా ఎందుకొచ్చిందో మాత్రం చాలాసార్లు ఎవరూ రాయరు.

మరి మాయమైన దీవులు? ఉన్నాయి. సాలమన్ దీవుల్లో సైమన్ ఆల్బర్ట్ బృందం 1947 నుంచి 2014 దాకా వైమానిక, ఉపగ్రహ చిత్రాల్లో 33 దీవుల్ని చూసింది. చెట్లున్న అయిదు దీవులు పూర్తిగా పోయాయి, మరో ఆరు తీవ్రంగా కోతకి గురయ్యాయి. అక్కడ సముద్ర మట్టం 1990ల నుంచి ఏడాదికి 7 నుంచి 10 మిల్లీమీటర్లు పెరిగింది, ప్రపంచ సగటు కంటే రెండు మూడు రెట్లు. అయితే అదే జలాల్లో, అదే పెరుగుదల మధ్య, అలల తాకిడి తక్కువున్న దీవులు అంతగా తరగలేదు. సముద్రం ఎత్తు పెరగడమూ అలల బలమూ కలిస్తేనే దెబ్బ. మనకి దగ్గర్లో లక్షద్వీప్‌లో బంగారం అటోల్‌లోని పరలి-1 అనే జనం లేని బుల్లి దీవి 1968లో 0.032 చదరపు కిలోమీటర్లుండేది, 2017 నాటికి పూర్తిగా కరిగిపోయిందని చిత్రాల పోలికలో తేలింది. మూడు హెక్టార్ల దీవి అది. దువా చెప్పిన పది హెక్టార్ల హద్దుతో ఇవన్నీ సరిపోతాయి: పోతున్నవి చిన్నవి.

విస్తీర్ణం పెరిగిన ప్రతి చోటా సముద్రం దయ చూపిందని కూడా కాదు. మాల్దీవుల రాజధాని మాలె పక్కన హుల్హుమాలె దీవిని 1997 నుంచి సముద్రపు ఇసుక తోడి పోసి కట్టారు. పసిఫిక్ దేశం కిరిబాతిలోని దక్షిణ తరావాలో పెరిగిన నేలలో ఎక్కువ భాగం మనుషులు పూడ్చిందే. చిత్రంలో మాత్రం రెండూ ఒకేలా "పెరుగుదల" అని నమోదవుతాయి, సరళరేఖలా తిన్నగా ఉన్న ఒడ్డు కనిపిస్తే అక్కడ పార పడిందని అర్థం చేసుకోవాలి.

అసలు నేలే లేవడం, కుంగడం కూడా జరుగుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపానికి అండమాన్ వాయవ్య భాగం పైకి లేచి, నీటి కింద ఉండే పగడపు దిబ్బలు బయటపడ్డాయి. శాస్త్రవేత్తలు ఏ దీవి ఎంత లేచిందో, ఎంత కుంగిందో ఉపగ్రహ చిత్రాల్లో దిబ్బలు తేలాయా మునిగాయా చూసి లెక్కగట్టారు. అటు గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకి పైగా కుంగి, లైట్‌హౌస్ నీళ్ళలో నిలబడింది. ఈ రెండు చోట్లా తీరరేఖ వందల మీటర్లు జరిగింది, ఒక్క ఇసుక రేణువు కొట్టుకుపోకుండానే.

పై నుంచి తీసిన బొమ్మకి ఎత్తు తెలియదన్నది అన్నిటికంటే పెద్ద లోపం. ఆ 2004 భూకంపం లేపిన సునామీ మాల్దీవుల మీద నుంచి వెళ్ళినప్పుడు ఒడ్డు కొంత కోసినా, దీవుల పైకి ఇసుక తెచ్చి పరిచింది, అంటే వెడల్పు కాస్త తగ్గి ఎత్తు కాస్త పెరిగింది. విస్తీర్ణం పట్టికలో ఇది నష్టం కిందే పడుతుంది, పెరిగిన ఎత్తు లెక్కలోకే రాదు. మరో పక్క, తువాలు అధ్యయనం వచ్చినప్పుడు అప్పటి ప్రధాని ఎనెలె సొపోవగ గట్టిగా అభ్యంతరం చెప్పారు. పెరిగిన ఇసుక ముక్క మీద ఇల్లు కట్టుకోగలమా, పెద్ద పోటుకి నేల కింద మంచినీళ్ళలోకి ఉప్పు ఎక్కితే పులక అనే చేమలాంటి దుంపలు పండుతాయా అన్నది అక్కడి జనం బాధ. అది న్యాయమైన ప్రశ్నే. అధ్యయనం తప్పు కాదు, కానీ "2.9 శాతం పెరిగింది" అన్న వాక్యంలో జీవితం గురించి ఏమీ లేదు. దీవి ఉంటుందా అన్నదీ, దీవిలో మనుషులు ఉండగలరా అన్నదీ వేర్వేరు సంగతులు. ఉపగ్రహ చిత్రం మొదటి దానికి సగం జవాబు చెప్పగలదు.

మన తీరంలో ఇదంతా ప్రయత్నించి చూడాలనుకునే వాళ్ళకి కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కంటే మంచి చోటు దొరకదు. పేరుకి ఐలాండే కానీ, గోదావరి తెచ్చిన ఒండ్రునీ ఇసుకనీ అలలు ఉత్తరానికి లాక్కెళ్ళి పోసిన పొడవాటి ఇసుక దిబ్బ, పదహారు కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. దాని వెనక కాకినాడ అఖాతం, కోరింగ మడ అడవులు. తుఫాను అలల నుంచి కాకినాడ రేవుని కాసేది అదే, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ దాని మీదే. 1984 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలు, 2015 తర్వాత సెంటినెల్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఆటుపోట్ల అంచనా హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) ఇస్తుంది. కోడ్ రాయడం రాకపోయినా సెంటినెల్ చిత్రాలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో నాలుగు క్లిక్కులతో బొమ్మ తెరిచి చూడొచ్చు. ఏటా జనవరి–ఫిబ్రవరి చిత్రాలు మాత్రమే తీసుకోవడం మంచిది, ఆకాశం తేటగా ఉంటుంది, కాలం ఒకటే అవుతుంది, నది వరద కలిపే గందరగోళం ఉండదు. దిబ్బకి సముద్రం వైపు ఒడ్డు ఇసుక కాబట్టి అక్కడ గీత బాగానే పడుతుంది. అఖాతం వైపు మాత్రం బురదా మడచెట్లూ కలిసిపోయి ఉంటాయి, అటు పక్క నీటి గీతని నమ్ముకుంటే పోటు-పాటు తేడాయే వందల మీటర్ల మార్పుగా కనిపిస్తుంది. దిబ్బ మొత్తం విస్తీర్ణం కంటే ఉత్తరపు కొస ఏ ఏడాది ఎక్కడ ఉందన్నది కొలవడం తేలికా, ఉపయోగమూ ఎక్కువ.

దిబ్బకి మేత గోదావరి నుంచే రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1976, 2001 మధ్య ఉపగ్రహ చిత్రాలు పోల్చి, గోదావరి డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రంలో కలిసిందని చూపించారు, నది మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడాన్ని దానికి కారణంగా చెప్పారు. నికరంగా అన్న మాట ముఖ్యం, కొన్ని చోట్ల మేట వేసింది, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ కోసేసింది. హోప్ ఐలాండ్‌కి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉప్పాడ, అక్కడ తీరం రోడ్డు ప్రతి తుఫానుకీ దెబ్బ తింటూనే ఉంది. దేశం మొత్తం మీద చూస్తే, 1990 నుంచి 2018 దాకా ప్రధాన భూభాగపు తీరంలో దాదాపు మూడో వంతు కోతకి గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది.

చిత్రాల్లో ఈ కోత ఎక్కడుందో, ఎంత వేగంగా ఉందో దొరుకుతుంది. ఎందుకన్నది దొరకదు. ఉప్పాడ దగ్గర తీరం వెనక్కి జరగడం నది ఒండ్రు తగ్గడం వల్లా, దిబ్బ పెరిగి అలల దారి మారడం వల్లా, రేవు కోసం కట్టిన కట్టల వల్లా, డెల్టా నేల తనంతట తాను కుంగడం వల్లా, సముద్రం పెరగడం వల్లా అన్నది తేల్చాలంటే, ఒక్కో దానికీ వేరే కొలత కావాలి: ధవళేశ్వరం దగ్గర ఏటా ఎంత ఒండ్రు దిగుతోంది, అలల ఎత్తు ఎంత, నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు దిగుతోంది. ఆ అంకెలు పక్కన పెట్టకుండా ఎర్ర గీత, పచ్చ గీత గీసి "వాతావరణ మార్పు వల్ల" అని ఒక వాక్యం చివర తగిలించే నివేదికలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. అలాంటిది కనిపిస్తే ముందు పద్ధతుల భాగం తెరిచి చిత్రాల తేదీలు, పోటు మట్టం, గీత పొరపాటు ఎంతో రాశారా లేదా చూడండి. రాయకపోతే మిగతా పేజీలు తిప్పక్కర్లేదు.